ఎలుక సాక్ష్యం

సీసం కలపని పెట్రోలు వాడకం పెరుగుతున్న రోజుల్లో, దాని ఆవిరి పీల్చితే ఏమవుతుందో తేల్చుకోవడానికి అమెరికా పెట్రోలు పరిశ్రమ ఒక పెద్ద ప్రయోగం చేయించింది. ఫిషర్-344 జాతి తెల్ల ఎలుకలనూ, వాటితోపాటు చిట్టెలుకలనూ రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, రెండేళ్లకు పైగా ఆ ఆవిరిలో ఉంచారు. 1984లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎలుకల కిడ్నీల్లో గడ్డలు లేచాయి. అదీ మగ ఎలుకల్లోనే. అదే గాలి పీల్చిన ఆడ ఎలుకల కిడ్నీలకు ఏమీ కాలేదు.

మరి పెట్రోలు బంకులో పైపు పట్టుకుని రోజంతా నిలబడే కుర్రాడి సంగతేమిటి? అతడూ మగవాడే.

దీనికి జవాబు దొరకడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ వెతుకులాటలో శాస్త్రజ్ఞులు నేర్చుకున్నదే ఈ అధ్యాయానికి పునాది. జంతువుకు కిడ్నీలో గడ్డ వచ్చిందన్నది సగం కబురే. అది ఏ దారిన వచ్చింది, ఆ దారి మనిషి ఒంట్లో ఉందా లేదా అన్నది మిగతా సగం. మొదటి సగం పత్రికల్లో పెద్దక్షరాల్లో వస్తుంది. రెండో సగం తేలేసరికి జనం మరిచిపోతారు.

ముందు కిడ్నీ చేసే చాకిరీ గురించి కాస్త చెప్పుకోవాలి. మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు కనుక, అదే ద్రవం రోజంతా మళ్లీ మళ్లీ వడపోతకు వస్తూ ఉంటుందన్నమాట. చివరికి మూత్రంగా బయటికి పోయేది లీటరున్నర. మిగిలిన నీరూ, ఉప్పూ, చక్కెరా, చిన్నచిన్న ప్రొటీన్లూ తిరిగి లోపలికి లాక్కునే పని నెఫ్రాన్ గొట్టాలది. ఒక్కో కిడ్నీలో ఇవి సుమారు 10 లక్షలు ఉంటాయి. గొట్టం మొదటి మెలికల్లో ఉన్న కణాల మీద పనిభారం ఎక్కువ. వడపోతలో దిగిన విషాలు మొదట తగిలేదీ వాటికే. పెద్దవాళ్లలో వచ్చే కిడ్నీ కాన్సర్లలో చాలా భాగం ఈ కణాల్లోనే పుడుతుంది. పెట్రోలు ఎలుకల గడ్డలూ అక్కడే పుట్టాయి.

ఈడొచ్చిన మగ ఎలుక కాలేయం పురుష హార్మోన్ ప్రేరణతో ఒక చిన్న ప్రొటీన్‌ను దండిగా తయారు చేస్తుంది. దాని పేరు ఆల్ఫా-2యు గ్లోబ్యులిన్. అది రక్తంలోంచి వడపోతలో దిగి మూత్రంలో కలుస్తుంది. వాసననిచ్చే అణువులను మోసుకుపోవడం దాని పని. ఈ చోటు నాది అని మగ ఎలుక మూత్రంతో పెట్టుకునే గుర్తుల్లో దాని పాత్ర ఉంది. ఆడ ఎలుక ఒంట్లో అది నామమాత్రం. మనిషి దాన్ని అసలు తయారు చేయడు. మూత్రంలోకి దిగిన ఈ ప్రొటీన్‌లో సగానికి పైగా మగ ఎలుక కిడ్నీ గొట్టాలు తిరిగి పీల్చుకుని, లైసోజోములనే సంచుల్లో అరిగించేస్తాయి. మామూలుగా ఇందులో ఏ ఇబ్బందీ లేదు.

పెట్రోలులో ఐసో-ఆక్టేన్ అనే పదార్థం ఉంటుంది. బంకుల్లో ఆక్టేన్ సంఖ్య అంటూ చెప్పేది దీన్ని కొలబద్దగా పెట్టుకునే. ఇది ఎలుక ఒంట్లో కొంత మార్పు చెంది ఆ మగ ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అలా అతుక్కున్న ప్రొటీన్ తొందరగా అరగదు. గొట్టం కణాల్లో అది బొట్లుబొట్లుగా పేరుకుంటుంది, కణాలు చస్తాయి, వాటి స్థానంలో పక్క కణాలు విభజన చెంది కొత్తవాటిని పుట్టిస్తాయి. నెలల తరబడి ఇదే చావు, ఇదే పుట్టుక. విభజనలు పెరిగేకొద్దీ డీఎన్ఏ నకలు తీయడంలో తప్పులు పడే అవకాశమూ పెరుగుతుంది. చివరికి గడ్డ లేస్తుంది. ఇక్కడ పెట్రోలు నేరుగా డీఎన్ఏ జోలికి పోనేలేదు.

ఇదే దారిలో వచ్చి దొరికిపోయిన మరో పదార్థం లిమొనీన్. పేరు కొత్తగా ఉన్నా వాసన మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. బత్తాయి, నారింజ తొక్క ఒలుస్తుంటే వేళ్లకు అంటుకునేది అదే. అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 1990లో ప్రకటించిన పరీక్షలో లిమొనీన్ తాగించిన మగ ఎలుకల కిడ్నీల్లో గడ్డలు వచ్చాయి. ఆడ ఎలుకల్లో రాలేదు. చిట్టెలుకల్లోనూ రాలేదు. అయితే ఎన్‌బీఆర్ అనే మరో జాతి ఎలుక ఉంది. దాని కాలేయం ఆ ప్రొటీన్‌ను చేయలేదు. ఆ జాతి మగ ఎలుకలకు లిమొనీన్ ఇచ్చి చూశారు. కిడ్నీలు చెక్కుచెదరలేదు. అలా ముడి విడిపోయింది. ఈ దారిన మగ ఎలుకకు వచ్చే కిడ్నీ గడ్డలను మనిషికి ముప్పుగా లెక్కకట్టకూడదని 1991లో అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. దానితో నారింజ రసం బతికిపోయింది. పెట్రోలు ఆవిరికి మాత్రం నిర్దోషి అన్న ముద్ర పడలేదు. అందులోని బెంజీన్ మనుషుల్లో రక్త కాన్సర్ తెస్తుందని వేరే సాక్ష్యం బలంగా ఉంది. బంకు కుర్రాడికి కిడ్నీ విషయంలో దొరికిన ఊరట ఎముక మూలుగ విషయంలో దొరకలేదు.

ఇలాంటి కథ విన్నవారికి, ఎలుకల్లో ఏం తేలినా మనకు వర్తించదులే అనిపించే ప్రమాదం ఉంది. అలా కొట్టిపారేస్తే ఏమవుతుందో బ్రస్సెల్స్ ఆడవాళ్ల కథ చెబుతుంది.

అరిస్టోలోకియా కుటుంబం మొక్కలు ప్రపంచంలో చాలాచోట్ల నాటువైద్యంలో ఉన్నాయి. మన పొలాల గట్ల మీద గాడిదగడపర అని పిలిచే మొక్కా, పాముకాటుకు వాడే ఈశ్వరి వేరూ ఈ కుటుంబానివే. వీటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లాన్ని ఎలుకలకు తాగిస్తే కొద్ది నెలల్లోనే కాన్సర్లు వస్తున్నాయని 1982లో జర్మన్ పరిశోధకులు ప్రకటించారు. కాన్సర్లు ముఖ్యంగా పొట్ట మొదటి గదిలో వచ్చాయి, మూత్రమార్గంలో కూడా చెడ్డ మార్పులు కనిపించాయి. జర్మనీ ఆ ఆమ్లం ఉన్న మందులను మార్కెట్ నుంచి తీసేసింది. హెచ్చరిక అచ్చులో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు.

పదేళ్లు గడిచాయి. బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే చికిత్సకు వెళ్లిన ఆడవాళ్ల కిడ్నీలు ఉన్నట్టుండి చెడిపోవడం మొదలైంది. గుళికల్లో వేయాల్సిన చైనా మూలిక ఒకటైతే, పేర్ల పోలిక వల్ల దాని బదులు అరిస్టోలోకియా వేరు కలిసింది. జాన్-లూయీ వాన్‌హెర్వెఘెమ్ బృందం 1993లో దీన్ని బయటపెట్టింది. దెబ్బతిన్నవారు వందకు పైగా తేలారు. వారిలో పూర్తిగా కిడ్నీలు పోయిన 39 మంది, ముందు జాగ్రత్తగా తమ పాత కిడ్నీలను, మూత్రనాళాలను తీయించుకున్నారు. తీసినవాటిని పరీక్షిస్తే 18 మందిలో కాన్సర్ అప్పటికే మొదలై ఉంది. 2000లో ఆ లెక్క అచ్చయింది.

ఈ కాన్సర్ పుట్టేది వడపోత గొట్టాల్లో కాదు, మూత్రం చేరే కుహరం లోపలి పొరలో, మూత్రనాళంలో. దాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న బోస్నియా, క్రొయేషియా, సెర్బియా పల్లెల్లో తరాలుగా ఉన్న కిడ్నీ జబ్బులోనూ ఇదే కాన్సర్ వెంట వచ్చేది. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టోలోకియా గింజలు కోతలో కలిసి, పిండిలోకి, అక్కడినుంచి రొట్టెలోకి చేరుతున్నాయని ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం 2007లో ఆధారాలు చూపింది. ఈ ఆమ్లం నేరుగా డీఎన్ఏకు అతుక్కుంటుంది. అతుక్కున్న చోట అడినిన్ అక్షరం పోయి థైమిన్ వచ్చి కూర్చుంటుంది. ఎలుక కణంలో పడే మచ్చా, బాల్కన్ రైతు కణంలో పడే మచ్చా ఒకటే. మగ ఎలుక ప్రొటీన్ మనిషికి లేదు గానీ, డీఎన్ఏ అందరికీ ఉంది. ఉద్దానం పేరు ఇక్కడ మన పాఠకులకు తప్పక గుర్తుకొస్తుంది. అయితే మూత్రనాళాల కాన్సర్ వెంట రావడం బాల్కన్ జబ్బుకు గుర్తు. ఉద్దానంలో జనాన్ని పీడిస్తున్నది కిడ్నీలు మెల్లగా పనిమానేసే జబ్బు. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

ఇప్పటిదాకా బయటినుంచి ఒంట్లోకి వచ్చిన పదార్థాల గురించి చెప్పుకున్నాం. ఏ పదార్థమూ తగలకుండానే కిడ్నీలో గడ్డలు లేచే ఎలుకలు ఓస్లోలో ఉండేవి. నా లెక్కలో కిడ్నీ కాన్సర్ చరిత్రలో ఇంతకన్నా విలువైన జంతువు లేదు.

నార్వే రేడియం ఆసుపత్రిలో పాథాలజిస్టు రైడార్ ఎకర్. తన విస్టార్ జాతి ఎలుకల్లో ఒక వంశానికి కిడ్నీ గడ్డలు వరసగా వస్తున్నాయని ఆయన గమనించి 1954లో రాశారు. రెండు కిడ్నీల్లోనూ, ఒక్కొక్క దానిలో అనేకం. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే పిల్లల్లో సగానికి వస్తోంది. ఏడాది నిండేసరికి ఆ దోషం మోసే దాదాపు ప్రతి ఎలుకకూ గడ్డలు ఉంటున్నాయి. ఒకే ఒక్క జన్యువులో లోపం ఉంటే ఇలాగే జరుగుతుంది. అయితే అది ఏ జన్యువో తెలుసుకునే ఉపాయం ఆ రోజుల్లో లేదు. ఎలుకలు పిల్లల్ని పెడుతూ పోయాయి, కాలం గడిచిపోయింది.

అమెరికాలో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ పిల్లల వైద్యుడు. 1971లో ఆయన కంటి కాన్సర్ వచ్చిన 48 మంది పిల్లల రికార్డులు ముందేసుకుని లెక్కలు కట్టారు. ప్రతి జన్యువుకూ కణంలో రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ చెడితేనే గడ్డ మొదలవుతుందని ఆయన అంచనా. రెండు తాళాలున్న బీరువాను ఊహించుకోండి. మామూలు మనిషిలో ఏదో ఒక కణంలో రెండు తాళాలూ ఊడాలి, అది చాలా అరుదు. వంశదోషం ఉన్నవారికి పుట్టుకతోనే ప్రతి కణంలోనూ ఒక తాళం ఊడి ఉంటుంది. ఇక ఒక్కటి ఊడితే చాలు. అందుకే వారికి చిన్నతనంలోనే, రెండువైపులా, ఒకటికన్నా ఎక్కువ గడ్డలు. మరుసటి ఏడాది లూయీస్ స్ట్రాంగ్‌తో కలిసి ఆయన పిల్లల కిడ్నీలో వచ్చే విల్మ్స్ గడ్డకూ ఇదే లెక్క వేశారు.

లెక్క అందంగా ఉంది, సరే. దాన్ని పరీక్షకు పెట్టడమెలా? మనుషుల మీద ప్రయోగం చేయలేం. ఎకర్ ఎలుక ఉందని నుడ్సన్‌కు తెలిసింది. ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ కాన్సర్ కేంద్రంలో, జపాన్ నుంచి వచ్చిన ఒకియో హినోతో కలిసి ఆ ఎలుకల మీద రేడియేషన్ ప్రయోగించారు. రెండో తాళం అలా కాకతాళీయంగా ఊడేదే అయితే, మోతాదు పెరిగేకొద్దీ గడ్డల సంఖ్య అదే నిష్పత్తిలో పెరగాలి. అలాగే పెరిగింది. ఇక లోపం ఉన్న జన్యువు రెండు ప్రతుల్లోనూ వచ్చిన పిండాలు పుట్టకముందే, తల్లి కడుపులోనే చనిపోతున్నాయి. ఇది కేవలం గడ్డలను ఆపే జన్యువు కాదు, ఒళ్లు కట్టుకోవడానికే కావాలన్నమాట.

1993 చివర యూరప్‌లో ఒక బృందం మనుషుల 16వ క్రోమోజోము మీద టీఎస్‌సీ2 అనే జన్యువును పట్టుకుంది. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జబ్బుకు కారణం అది. 1880లో పారిస్ వైద్యుడు బూర్నెవీల్ వర్ణించిన జబ్బు ఇది. మెదడులో గట్టి ముద్దలు, మూర్ఛలు, ముఖం మీద పొక్కులు, కిడ్నీల్లో రక్తనాళాలూ కొవ్వూ కలగలిసిన గడ్డలు దీని లక్షణాలు. సుమారు 6,000 మంది పిల్లల్లో ఒకరు దీనితో పుడతారు. ఆ మరుసటి ఏడాదే రేమండ్ యంగ్, నుడ్సన్ తదితరులు ఎకర్ ఎలుకలో చెడినది ఈ జన్యువేనని చూపారు. ఎక్కడినుంచో దూకి వచ్చిన డీఎన్ఏ ముక్క ఒకటి దాని మధ్యలో ఇరుక్కుంది. నలభై ఏళ్ల నాటి నార్వే ఎలుక, ఒక్కసారిగా మూర్ఛ వచ్చే పసిపిల్లల ఆసుపత్రి వార్డులోకి వచ్చి నిలబడింది.

అయినా పోలిక పూర్తిగా కుదరదు. ఎలుకకు గొట్టం కణాల్లో గడ్డలు వస్తాయి, వాటిలో కొన్ని కాన్సరుగా మారతాయి. మనిషికి ఎక్కువగా వచ్చేది రక్తనాళాల, కొవ్వు గడ్డ. అది సాధారణంగా పాకదు. కానీ పెద్దదైతే చిట్లి, లోపల ప్రాణం తీసేంత రక్తం కారుతుంది. లోపం ఒకటే, గడ్డ రూపం వేరు. దారి మాత్రం ఒకటే కనుక మందు పనిచేసింది.

ఆ మందు కథలో మనవాడొకడు ఉన్నాడు. 1964లో కెనడా బృందం ఒకటి పసిఫిక్ నడిసముద్రంలోని ఈస్టర్ ద్వీపానికి వెళ్లి మట్టి తెచ్చింది. ద్వీపవాసులు దాన్ని రాపా నుయీ అంటారు. మాంట్రియల్‌లోని ఆయర్స్ట్ సంస్థలో ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బూజును చంపే పదార్థాన్ని వేరుచేసిన బృందానికి పెద్ద సురేంద్రనాథ్ సెహగల్. అవిభక్త పంజాబ్‌లో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివిన మనిషి. ద్వీపం పేరు మీదే దానికి రాపమైసిన్ అని పేరు పెట్టారు. కంపెనీకి దానిమీద ఆసక్తి పోయి మాంట్రియల్ ప్రయోగశాల మూతపడినప్పుడు, సెహగల్ ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజరులో దాచారని ఆయన కుటుంబం చెబుతుంది. 1999లో అది మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా కాపాడే మందుగా ఆమోదం పొందింది.

రాపమైసిన్ కణంలో ఒక ఎంజైమును అణుస్తుంది. తిండి దొరికింది, పెరుగు, విభజించుకో అని కణానికి చెప్పే ఎంజైము అది. పేరు ఎంటార్. మామూలుగా దాన్ని అదుపులో ఉంచేది టీఎస్‌సీ2 జన్యువు చేసే ప్రొటీనేనని 2002 ప్రాంతంలో తేలింది. ఆ అదుపు తప్పినచోట కణం ఆకలి తెలియకుండా పెరుగుతూ పోతుంది. ఎకర్ ఎలుకలకు రాపమైసిన్ ఇస్తే గడ్డలు కుంచించుకుపోయాయి. మనుషుల్లో జరిపిన మొదటి పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఏడాది వాడాక కిడ్నీ గడ్డల పరిమాణం సగటున దాదాపు సగానికి తగ్గింది. మందు ఆపగానే మళ్లీ పెరగడం మొదలుపెట్టాయి. ఇది గడ్డను చంపే మందు కాదు, అదుపు చేసే మందు. దాని తమ్ముడు ఎవెరొలిమస్‌కు 2012లో ఈ గడ్డల కోసమే అమెరికాలో అనుమతి వచ్చింది.

విచిత్రంగా, పుట్టుకతోనే దోషం మోసే జంతువుల రెండో కథ కూడా నార్వేదే. 1985లో అక్కడి పశువైద్యులు లియుమ్, మో జర్మన్ షెపర్డ్ కుక్కల్లో ఒక వింత జబ్బును వర్ణించారు. కాళ్ల మీద, తల మీద చర్మం కింద గట్టి బొడిపెలు. నొప్పి ఉండదు. కోసి చూస్తే హానిలేని పీచు ముద్దలు. ఆ కుక్కలన్నింటికీ రెండు కిడ్నీల్లోనూ నీటి తిత్తులూ, కాన్సర్ గడ్డలూ ఉన్నాయి. అంటే చర్మం మీద బొడిపె, లోపల కిడ్నీలో జరుగుతున్నదానికి ముందస్తు కబురు.

మనుషుల్లో ఇలాంటిదే ఒకటి ఉంది. 1977లో కెనడా వైద్యులు బర్ట్, హాగ్, డ్యూబే ముఖం మీద, మెడ మీద చిన్న తెల్ల బొడిపెలు వచ్చే కుటుంబాన్ని వర్ణించారు. వీరిలో ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు ఉంటాయని, అవి పగిలి ఊపిరితిత్తి కుదేలవుతుందని, కిడ్నీ గడ్డలూ వస్తాయని తర్వాత తెలిసింది. కారణమైన ఎఫ్ఎల్‌సీఎన్ జన్యువు మనుషుల్లో 2002లో దొరికింది. కుక్కల జబ్బు స్థానాన్ని 2000లోనే 5వ క్రోమోజోము మీద గుర్తించి ఉన్నారు. 2003లో ఫ్రోడె లింగాస్ బృందం అక్కడ చూస్తే అదే జన్యువు, ఒకే ఒక్క అక్షరం మార్పు. ఈ కుక్కలకు ఎవరూ ఏ మందూ తాగించలేదు, ఎవరూ జన్యువు మార్చలేదు. మనుషులతో కలిసి, మన ఇళ్లలో, మన గాలిలోనే బతికాయి. ప్రయోగశాల ఎలుక ఇవ్వలేని సాక్ష్యం ఇది. సాధారణంగా కుక్కల్లో కిడ్నీలోనే పుట్టే కాన్సర్ అరుదు కూడా. పక్షుల్లో అలా కాదు. మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలకు కిడ్నీ గడ్డలు తరచూ వస్తాయి. కాలికి పోయే నరాలు పక్షుల్లో కిడ్నీని ఆనుకునే పోతాయి కనుక, గడ్డ నొక్కి ఒక కాలు పడిపోతుంది. యజమాని కాలు విరిగిందనుకుని కట్టు కట్టిస్తాడు.

కప్పల మాట చెప్పకుండా ముందుకు పోలేను, కాస్త దారి తప్పినట్టున్నా సరే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బాల్డుయిన్ లూకె 1934లో చిరుత మచ్చల కప్పల కిడ్నీ కాన్సర్‌ను వర్ణించారు. దీనికి వైరస్ కారణం కావచ్చని ఆయన అన్నారు. 1956లో డాన్ ఫాసెట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో హెర్పిస్ జాతి వైరస్ రేణువులను చూశారు. మనుషుల్లో కాన్సర్ తెచ్చే ఎప్‌స్టైన్-బార్ వైరస్ కనబడటానికి ఎనిమిదేళ్ల ముందు సంగతి ఇది. చలికాలపు కప్పల గడ్డల్లో వైరస్ రేణువులు కోకొల్లలు, వేసవి కప్పల్లో అవి కనిపించవు. వేడిలో మాత్రం గడ్డ ఒళ్లంతా పాకుతుంది. 1969లో రాబర్ట్ మెకినెల్ ఆ గడ్డ కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం తొలగించిన కప్ప గుడ్డులో పెట్టారు. ఈదే తోకకప్పలు పుట్టాయి. గుడ్డుదే పాత కేంద్రకం మిగిలిపోయిందేమో అని ఎవరూ అనుమానించకుండా, ప్రతి క్రోమోజోమూ మూడేసి ప్రతులున్న కప్పల గడ్డలను ఎంచుకున్నారు. తోకకప్పల్లోనూ మూడేసి ప్రతులే. అవి పెద్ద కప్పలయ్యేదాకా బతకలేదు గానీ, తోకా కన్నూ గుండే కట్టగల సమాచారం కాన్సర్ కణంలో చెక్కుచెదరకుండా ఉందని తేలిపోయింది.

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం. మనుషుల్లో కిడ్నీ కాన్సర్లలో నూటికి డెబ్బై దాకా ఒకే రకానివి. మైక్రోస్కోపులో కణాలు ఖాళీగా, తెల్లగా కనిపిస్తాయి. నిజానికి ఖాళీ కాదు, వాటినిండా కొవ్వూ గ్లైకోజెనూ ఉంటాయి. స్లైడు తయారుచేసేటప్పుడు అవి కరిగిపోతాయి. ఈ కాన్సర్‌కు మూలం చాలావరకు వీహెచ్ఎల్ అనే జన్యువు పాడవడం. కంటిలో రక్తనాళాల గడ్డలను వర్ణించిన ఫాన్ హిప్పెల్, మెదడులో వాటిని చూసిన లిండావ్ పేర్ల మొదటి అక్షరాలతో ఆ పేరు వచ్చింది. జన్యువు 1993లో 3వ క్రోమోజోము పొట్టి కొమ్మ మీద దొరికింది.

ఈ జన్యువు చేసే ప్రొటీన్‌కు కిడ్నీలో ఒక ముఖ్యమైన పని ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీ పసిగట్టి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది, ఎముక మూలుగ ఎర్ర కణాలు ఎక్కువ చేస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని కణంలో చాటింపు వేసే ప్రొటీన్ హిఫ్. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు హిఫ్‌ను పట్టి నాశనానికి పంపేది వీహెచ్ఎల్. వీహెచ్ఎల్ పోయిన కణం నిండా ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడనట్టే ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలు కావాలని అరుస్తుంది. కొందరు రోగులకు, కొన్ని కుక్కలకు కూడా, కిడ్నీ కాన్సర్‌తోపాటు రక్తం చిక్కబడేంతగా ఎర్ర కణాలు పెరిగేది ఇందుకే. ఈ ఆక్సిజన్ లెక్క విప్పినందుకు సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

సరే, చిట్టెలుకలో వీహెచ్ఎల్ తీసేస్తే ఇదే కాన్సర్ రావాలి కదా? రాలేదు. రెండు ప్రతులూ తీసేస్తే పిండం చనిపోతుంది. ఒకటి తీసేస్తే కాలేయంలో రక్తనాళాల గడ్డలు వస్తాయి, కిడ్నీకి ఏమీ కాదు. కిడ్నీలో మాత్రమే రెండూ తీసేస్తే ఒకటీ అరా తిత్తులు. ఏళ్ల తరబడి ప్రయోగశాలలు ఈ గోడకు తల కొట్టుకున్నాయి.

జవాబు క్రోమోజోముల అమరికలో దొరికింది. మనిషిలో వీహెచ్ఎల్ ఉన్న పొట్టి కొమ్మ మీదే పీబీఆర్ఎం1, బ్యాప్1, సెట్‌డీ2 అనే మరో మూడు కాపలా జన్యువులు ఉన్నాయి. ఆ కొమ్మ విరిగి పోతే నాలుగింటిదీ ఒక్కో ప్రతి ఒకేసారి పోతుంది. చిట్టెలుకలో వీహెచ్ఎల్ 6వ క్రోమోజోము మీద, పీబీఆర్ఎం1, బ్యాప్1 14వ దాని మీద, సెట్‌డీ2 9వ దాని మీద. ఒక్క దెబ్బకు నాలుగూ పోవడం దానిలో కుదరదు. 2014 నుంచి వీహెచ్ఎల్‌తో పాటు బ్యాప్1ను, తర్వాత పీబీఆర్ఎం1ను కూడా తీసి చూశారు. అప్పుడు చిట్టెలుక కిడ్నీల్లో మనుషుల కాన్సర్‌ను పోలిన గడ్డలు లేచాయి. మనుషుల గడ్డల డీఎన్ఏలో మార్పుల వయసు లెక్కగట్టిన 2018 పరిశోధన ఒకటి, ఆ కొమ్మ పోవడం చాలామందిలో బాల్యంలోనో కౌమారంలోనో జరిగిందని చెప్పింది. అరవై ఏళ్లకు స్కానింగులో కనబడే గడ్డకు మొదటి అడుగు బడికి పోయే రోజుల్లోనే పడి ఉండవచ్చు.

హిఫ్‌ను అడ్డుకునే మందు బెల్జుటిఫాన్‌కు 2021లో అమెరికా అనుమతి ఇచ్చింది. వీహెచ్ఎల్ వంశదోషం ఉన్న 61 మందిపై జరిగిన పరీక్షలో సగం మంది కిడ్నీ గడ్డలు బాగా తగ్గాయి. నూటికి 90 మందికి రక్తహీనత వచ్చింది. హిఫ్ ఆగితే ఎరిత్రోపొయిటిన్ కూడా ఆగుతుంది మరి. దీనికి సరిగ్గా ఎదురు తిరిగే మందులూ ఉన్నాయి. కిడ్నీలు చెడి రక్తం తగ్గినవారికి హిఫ్‌ను నిలబెట్టి ఎర్ర కణాలు పెంచే మాత్రలవి. అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ తయారుచేసిన డెసిడుస్టాట్‌కు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. మన ఊళ్లలో డయాలసిస్ చేయించుకునేవారికి ఎరిత్రోపొయిటిన్ సూది పరిచయమే. ఈ మాత్ర దాని బదులు.

హిఫ్‌ను పెంచే మందు కాన్సర్ తెస్తుందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఈ తరగతి మందులను ఎలుకలకు దీర్ఘకాలం ఇచ్చి చూశారు, గడ్డలు పెరగలేదు. మంచి కబురే. కానీ వీహెచ్ఎల్ పూర్తిగా పోయినా చిట్టెలుక కిడ్నీలో కాన్సర్ రాలేదని ఇందాకే చూశాం. ఈ విషయంలో ఆ జంతువుల మౌనాన్ని మనిషికి పూచీగా తీసుకోలేం. అందుకే ఈ తరగతి మాత్రలు రాసేముందు, ఒంట్లో ఎక్కడైనా కాన్సర్ ఉందా, ఇదివరకు వచ్చిందా అని డాక్టర్లు విడిగా అడుగుతారు.